వెనక్కి పిలిచే హక్కు ఎవరిది?

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానానికి పోలింగ్ జరగకుండానే ఫలితం వెలువడింది. కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ నామినేషన్ తిరస్కరణకు గురైంది. మిగిలినవారు వరుసగా బరి నుంచి తప్పుకున్నారు. బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ప్రకటన వెలువడింది. మే 7న గుజరాత్ అంతటా ఓటర్లు వరుసల్లో నిలబడినప్పుడు సూరత్ స్థానంలో మాత్రం నొక్కడానికి మీట లేదు. దాని మీద అప్పట్లో చాలా రాశాం, చాలా వాదించుకున్నాం. ఎంచుకునే హక్కే లేనిచోట వెనక్కి పిలిచే హక్కు గురించి మాట్లాడటం విడ్డూరమని ఒక మిత్రుడు అన్నాడు.

వెనక్కి పిలిచే హక్కు అనగానే మన తరానికి జయప్రకాశ్ నారాయణ్ గుర్తుకొస్తారు. 1974లో గుజరాత్ విద్యార్థులు నవనిర్మాణ ఉద్యమంతో చిమన్‌భాయ్ పటేల్ ప్రభుత్వాన్ని దింపి, శాసనసభనే రద్దు చేయించిన రోజులు గుర్తుకొస్తాయి. పని చేయని ప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు కావాలన్న ఆ డిమాండు చట్టంగా మారలేదు. అదే మాట మరొక అర్థంతో చట్టంలోకి ప్రవేశించి ఇప్పటికి కొన్నేళ్లయింది. అది రీకాల్, అంటే లోపమున్న వాహనాన్ని తయారీదారు వెనక్కి పిలిచి, ఉచితంగా బాగుచేసి ఇవ్వడం. రాజకీయాల గురించి రాసేవాడికి కార్లతో ఏం పని అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. పౌరుడి ప్రాణానికి ఎవరు జవాబుదారీ అన్నదే ఈ రెండు చోట్లా ఉన్న ప్రశ్న. కార్ల విషయంలో ఆ ప్రశ్నను మన పార్టీలన్నీ కలిసి పక్కన పెట్టాయి.

నానో కథతో మొదలుపెడదాం. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా ఆ కారును ఆవిష్కరించారు. స్కూటరు మీద నలుగురు ప్రయాణించే మధ్యతరగతి కుటుంబానికి లక్ష రూపాయలకే కారు అన్నది దాని వెనకున్న ఊహ. అదే ఏడాది అక్టోబరులో మమతా బెనర్జీ ఉద్యమం కారణంగా టాటాలు సింగూరును వదిలేశారు. ఆ కర్మాగారం కోసం రాష్ట్రాలు పోటీ పడ్డాయి. నాలుగు రోజులు తిరగకముందే నరేంద్ర మోదీ ప్రభుత్వం సానంద్‌లో భూమి చూపించి దాన్ని గుజరాత్‌కు తెచ్చుకుంది. భారత రాజకీయాల్లో ఒక కారు మోడల్ అంతటి పాత్ర పోషించడం అరుదు. ఒక రాష్ట్రంలో మూడు దశాబ్దాల వామపక్ష పాలన పునాదులు కదలడానికీ, మరొక రాష్ట్రంలో ఒక నాయకుడి అభివృద్ధి ప్రతిష్ఠ నిలబడటానికీ ఆ చిన్న కారు ఎంతో కొంత కారణమైంది.

ఆ తర్వాత జరిగింది మాత్రం రాజకీయ చరిత్రలో చోటు సంపాదించుకోలేదు. 2010 మార్చిలో ముంబయిలో ఒక కొత్త నానో షోరూము నుంచి ఇంటికి వెళ్తూ దారిలోనే తగలబడింది. మరుసటి నెల గుజరాత్‌లోనూ అలాంటి ఘటన నమోదైంది. సానంద్ కర్మాగారం ప్రారంభోత్సవానికి అప్పటికి ఇంకా దాదాపు రెండు నెలల గడువుంది. కంపెనీ విచారణ జరిపించి, డిజైనులో లోపం లేదని, ఆయా కార్లకు పరిమితమైన కారణాల వల్లే మంటలు వచ్చాయని చెప్పింది. నవంబరు వచ్చేసరికి, అప్పటికే అమ్ముడైన 70 వేలకు పైగా కార్లకు ఎగ్జాస్టు, విద్యుత్ వ్యవస్థల్లో అదనపు రక్షణ భాగాలను ఉచితంగా అమర్చుతామని ప్రకటించింది. అయితే ఇది రీకాల్ కాదని ప్రత్యేకంగా స్పష్టం చేసింది.

కారును పిలిచి, విప్పి, భాగాలు చేర్చి, తిరిగి ఇస్తారు. కానీ దాన్ని రీకాల్ అనకూడదు. కంపెనీని తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. ఆనాటి మోటారు వాహనాల చట్టంలో రీకాల్ అన్న భావనకే చోటు లేదు. దేన్ని లోపమనాలో, దేన్ని మెరుగుదల అనాలో తేల్చే అధికారం తయారీదారు చేతిలోనే ఉంది. నిందితుడే న్యాయమూర్తి అయినప్పుడు తీర్పులో పదాలు అలాగే ఉంటాయి. ఆ నవంబరులో దేశం మొత్తం మీద అమ్ముడైన నానోలు 509 మాత్రమే. ప్రభుత్వ సంస్థ ఏదీ నిర్ధారించి చెప్పని చోట జనం తమ తీర్పు తామే చెప్పుకున్నారు. పారదర్శకంగా విచారణ జరిపే స్వతంత్ర వ్యవస్థ అప్పట్లో ఉండి ఉంటే దానివల్ల కొనుగోలుదారుకూ, బహుశా ఆ కారుకూ కూడా మేలు జరిగేది. సింగూరు నుంచి సానంద్ దాకా ఆ కర్మాగారం కోసం కొట్లాడిన ఏ పార్టీ అయినా ఈ మంటల గురించి ఒక వేదిక మీద గట్టిగా అడిగిన గుర్తు నాకు లేదు.

గుజరాత్‌లోనే రెండో పాఠం హాలోల్‌లో ఉంది. 2013 జూలైలో జనరల్ మోటార్స్ 1.14 లక్షల టవేరా వాహనాలను వెనక్కి పిలిచింది. తనిఖీకి పంపే వాహనాల్లో ముందుగా ఏరి ఉంచిన ఇంజిన్లను అమర్చి, తమ ఉద్యోగులే ఉద్గార పరీక్షలను మభ్యపెట్టారని కంపెనీ స్వయంగా ప్రభుత్వానికి చెప్పుకుంది. నితిన్ గోకర్ణ్ నేతృత్వంలోని ప్రభుత్వ కమిటీ దీన్ని కార్పొరేట్ మోసంగా తేల్చింది. ఏళ్ల తరబడి సాగిన ఆ మోసాన్ని మన తనిఖీ వ్యవస్థ పట్టుకోలేదు, దోషి వచ్చి ఒప్పుకుంటే తెలిసింది. 2012 జూలైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళిని తెచ్చుకున్న ఏడాదికే ఇది బయటపడింది. స్వచ్ఛందం అన్న మాటకున్న పరిమితి అంతకన్నా స్పష్టంగా తెలిసే సందర్భం ఉండదు.

2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ జరిగింది. హెల్మెట్ జరిమానాలు పెరిగాయన్న గోలలో 110ఎ సెక్షన్ ఎవరి కంటా పడలేదు. పర్యావరణానికో, డ్రైవరుకో, ప్రయాణికులకో, రోడ్డు మీద ఇతరులకో హాని కలిగించే లోపముంటే ఆ రకం వాహనాలను వెనక్కి పిలవాలని కేంద్రం ఆదేశించవచ్చు. తయారీదారు కొనుగోలుదారుకు పూర్తి ధర తిరిగి ఇవ్వాలి, లేదా వాహనాన్ని మార్చి ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. లోపాన్ని తానే గుర్తించి ముందుగా తెలియజేసి రీకాల్ మొదలుపెట్టిన తయారీదారుకు జరిమానా ఉండదు. ఇంతవరకు చట్టం బాగుంది. ఆ సవరణ తెచ్చినందుకు నితిన్ గడ్కరీకి దక్కవలసిన మెప్పు దక్కాలి.

ఇబ్బంది నియమాలతో వచ్చింది. 2021 మార్చిలో నోటిఫై చేసి ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన నిబంధనల ప్రకారం, ఏడాదికి 500కు మించి అమ్ముడయ్యే కారు మోడల్ విషయంలో యజమానుల ఫిర్యాదుల ఆధారంగా నిర్బంధ రీకాల్ దిశగా కదలాలంటే వెయ్యికి పైగా ఫిర్యాదులు రావాలి. వాహనం వయసు ఏడేళ్లలోపు ఉండాలి. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు ఉంటుంది. పరీక్షా సంస్థల నుంచో, ఇతర మార్గాల్లోనో సమాచారం వచ్చినా కదలవచ్చని చట్టం చెబుతోంది, నిజమే. అయితే సామాన్య యజమాని చేతికి అందే తలుపు మొదటిదొక్కటే. దాని మీద వెయ్యి మంది ఒకేసారి తడితేనే తెరుచుకుంటుంది.

బ్రేకు పట్టని కారులో ప్రమాదానికి గురైనవాడు తనలాంటి వెయ్యి మందిని ఎక్కడ వెతుక్కోవాలి? లోపమన్నది సంఖ్యాబలంతో నిరూపించేది కాదు. ఒక్క ఎయిర్‌బ్యాగు పేలిన తీరు చూసి నిపుణుడు చెప్పగలిగినదాన్ని వెయ్యి మంది సంతకాలు చెప్పలేవు. పైగా అత్యంత ప్రమాదకరమైన లోపాలే అరుదుగా బయటపడతాయి. తలుపు కిర్రుమంటే వెయ్యి ఫిర్యాదులొస్తాయి. స్టీరింగు ఊడిపోయినవాడు ఫిర్యాదు రాసే స్థితిలో ఉండకపోవచ్చు. ఇక కోటి రూపాయలంటే, పది లక్షల ధర పలికే కార్లు పది అమ్మితే వచ్చే మొత్తం. చట్టంలోని ఏడో అధ్యాయాన్ని ఉల్లంఘించిన తయారీదారుకు 182ఎ సెక్షన్ 100 కోట్ల వరకు జరిమానా చూపిస్తుంటే, రీకాల్ నియమం కోటి దగ్గర ఆగిపోవడంలోని తర్కం నాకు అంతుపట్టదు.

ఏడేళ్ల పరిమితి సంగతి మరీ విచిత్రం. ప్రపంచ వాహన చరిత్రలో అతిపెద్ద రీకాల్ జపాన్ కంపెనీ టకాటా ఎయిర్‌బ్యాగులది. బ్యాగును ఉబ్బించే పరికరంలో వాడిన అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురై చెడిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో ప్రమాదం జరిగినప్పుడు అదుపుతప్పి పేలి, లోహపు ముక్కలను ప్రయాణికుడి మీదికే విసురుతుంది. అమెరికా నియంత్రణ సంస్థ తన రీకాల్‌లో ఫ్లోరిడా వంటి వేడి, తేమ ఎక్కువగా ఉండే రాష్ట్రాలకే మొదటి ప్రాధాన్యమిచ్చింది. ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. మన దేశంలో హోండా 2016 జూలైలో దాదాపు 1.9 లక్షల కార్లనూ, 2018 జనవరిలో 2013 నాటి 22,834 కార్లనూ ఈ ఎయిర్‌బ్యాగుల కోసమే పిలిచింది. వయసుతోపాటు ముదిరే లోపమిది. అటువంటి లోపాలున్నాయని ప్రపంచమంతా తెలుసుకున్న తర్వాత రాసుకున్న నియమంలో మనం ఏడేళ్లకు గీత గీశాం. తాపీ తీరాన, సముద్రానికి దగ్గరగా, ఏడాదిలో సగం కాలం చెమట ఆరని సూరత్ లాంటి నగరంలో ఎనిమిదేళ్ల కారు నడిపేవాడికి ఈ గీత అర్థం ఏమిటో చెప్పనక్కర్లేదు.

అసలు ఎనిమిదేళ్ల కారు నడిపేది ఎవరు? లింబాయత్, ఉధ్నా, గోడాదరా ప్రాంతాల్లో తిరిగితే జవాబు దొరుకుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల మీద పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. లింబాయత్, ఉధ్నా ఓట్లు నవసారి లోక్‌సభ స్థానంలో పడతాయి కాబట్టి 2024లో వాళ్లకు మీట నొక్కే అవకాశమైతే దక్కింది. మగ్గం మీద మొదలుపెట్టి చిన్న వ్యాపారంలోకి ఎదిగినవాడు మొదట కొనేది చాలావరకు సెకండ్ హ్యాండ్ కారే. దసరాకో, పెళ్లికో జీజే-05 నంబరు ప్లేటుతో కుటుంబమంతా ఆ కారులోనే సొంతూరికి బయల్దేరుతుంది. వెయ్యి కిలోమీటర్ల దారి, వెనక సీట్లో తల్లీ పిల్లలూ.

ఇప్పుడు ఆ కారుకు రీకాల్ వచ్చిందనుకుందాం. కంపెనీ రికార్డుల్లో ఉన్నది మొదటి యజమాని పేరు, అతని పాత ఫోను నంబరు. సందేశం ఇంగ్లీషులో అతనికి వెళ్తుంది. అతను కారు అమ్మి మూడేళ్లయింది, దాన్ని చెరిపేస్తాడు. రెండో యజమాని బయట మెకానిక్ దగ్గర సర్వీసు చేయించుకుంటాడు, కంపెనీ వర్క్‌షాపు గడప తొక్కడు. కంపెనీ వెబ్‌సైటులో చాసిస్ నంబరు కొట్టి చూసుకోవచ్చన్న సంగతి అతనికి చెప్పేవారు లేరు. కాగితం మీద రీకాల్ పూర్తిచేసినట్టే, లోపం మాత్రం దారి మీద తిరుగుతూనే ఉంటుంది. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలను గుజరాతీతోపాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో నడుపుతుంది. వలస వచ్చినవాడి బిడ్డకు అక్షరాలు అతని భాషలో నేర్పాలన్న వివేకం ఒక నగరపాలక సంస్థకు ఉంది. ప్రాణాపాయాన్ని అతని భాషలో చెప్పాలన్న వివేకం కేంద్ర మంత్రిత్వ శాఖకూ, వేల కోట్ల కంపెనీలకూ ఉండకూడదా?

ఇది గుజరాత్ వ్యవహారమని తెలుగు పాఠకులు తేలిగ్గా తీసుకునే వీలు లేదు. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం వచ్చిన ఘనత ఎవరిదన్న దాని మీద మన పార్టీలు ఎంత సిరా ఖర్చుపెట్టాయో అందరికీ తెలుసు. 2017లో చంద్రబాబు హయాంలో ఒప్పందం, 2019 ఆగస్టులో జగన్ హయాంలో మొదటి సెల్టోస్ బయటికి రావడం, 2020 ఫిబ్రవరిలో కర్మాగారం తమిళనాడుకు తరలిపోతుందన్న రాయిటర్స్ కథనం, దాన్ని కంపెనీ, ప్రభుత్వం ఖండించడం, వీటన్నిటికీ పతాక శీర్షికలు దక్కాయి. అదే కర్మాగారంలో తయారైన కారెన్స్ వాహనాలను ఎయిర్‌బ్యాగు నియంత్రణ సాఫ్ట్‌వేరు సరిచేయడానికి 2022 అక్టోబరులో 44,174 వెనక్కి పిలిచినప్పుడు, 2024 ఫిబ్రవరిలో 4,358 సెల్టోస్‌లను ఆయిల్ పంపు నియంత్రికలో లోపం కోసం పిలిచినప్పుడు ఎవరూ నోరు మెదపలేదు. కంపెనీ తన బాధ్యతగా పిలిచింది, అది మెచ్చుకోదగ్గ పనే. నా ఆక్షేపణ నాయకుల మీద. కర్మాగారం మనదైనప్పుడు అందులోంచి వచ్చే కారులో కూర్చునేవాడు మనవాడు కాకుండా పోతాడా?

కంపెనీల పక్షాన ఒక వాదన ఉంది, దాన్ని గౌరవంగానే వినాలి. రీకాల్ అంటే నాణ్యత లేదని అర్థం కాదు. వేల విడిభాగాలు, వందల సరఫరాదారులు కలిసే చోట పొరపాటు దొర్లుతుంది. దాన్ని దాచకుండా చెప్పిన కంపెనీని శిక్షిస్తే, రేపు అందరూ దాచడం నేర్చుకుంటారు. మారుతీ సుజుకీ 2020 జూలైలో ఇంధన పంపు లోపంతో 1,34,885 వాగన్‌ఆర్, బలెనో కార్లనూ, 2021 సెప్టెంబరులో మోటార్ జనరేటర్ యూనిట్ కోసం 1,81,754 కార్లనూ పిలిచింది. 2017, 2018ల్లో తయారైన కార్లను కలిపి హోండా 2024 చివర్లో 90,468 కార్లకు ఇంధన పంపులు మార్చడానికి పూనుకుంది. ఈ అంకెలు చూసి భయపడటం కన్నా, ఇవి బయటికి వచ్చాయని సంతోషించడమే సబబు. ఈ వాదనతో నాకు పేచీ లేదు. కానీ దీని సహజమైన ముగింపు స్వచ్ఛందత దగ్గర ఆగదు. నిజాయితీగా చెప్పిన కంపెనీకీ, చెప్పని కంపెనీకీ తేడా తెలియాలంటే చెప్పనివాణ్ణి పట్టుకునే యంత్రాంగం ఉండాలి. అది లేనప్పుడు శిక్ష పడేది నిజాయితీకే. దేశం వదిలి వెళ్లే కంపెనీల సంగతీ ఉంది. జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ నిలిపివేత ప్రకటించింది. వాళ్ల కార్లు మాత్రం మన రోడ్ల మీదే ఉన్నాయి.

నిరూపణ భారం ఎవరి మీద ఉండాలన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఒక దారి చూపింది. ఢిల్లీ–పానిపట్ రహదారిపై ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని క్రెటా కేసులో, ఢీకొన్న వేగం అంత లేదన్న కంపెనీ వాదనను కోర్టు అంగీకరించలేదు. వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడిగా వినియోగదారు ఉండనక్కర్లేదన్నది ఆ తీర్పు సారం. కారు మార్చి ఇవ్వాలన్న, పరిహారం చెల్లించాలన్న కింది ఆదేశాలను సమర్థించింది. అయితే 2017లో జరిగిన ప్రమాదానికి 2022లో తీర్పు వచ్చింది, అదీ ఒక్క యజమానికి. అదే మోడల్ నడిపే మిగతావారి కోసం ఎవరు పరిశీలించాలి? అది న్యాయస్థానం పని కాదు, ప్రభుత్వం పని.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. ఫిర్యాదుల సంఖ్యతో నిమిత్తం లేకుండా, ప్రాణాపాయమున్న ఒక్క ఘటన మీదైనా విచారణ ప్రారంభించే స్వతంత్ర సాంకేతిక సంస్థ కావాలి. అది రవాణా శాఖలో ఒక బల్ల కాకూడదు. అమెరికాలో రాల్ఫ్ నేడర్ పుస్తకం రేపిన చర్చ తర్వాత 1966లోనే అలాంటి చట్టం వచ్చింది. ఈనాడు అక్కడ ఎవరి ఫిర్యాదునైనా ఎవరైనా చదవవచ్చు, ఉత్తరం ప్రస్తుత యజమాని చిరునామాకే వెళ్తుంది. మన దగ్గరా ప్రస్తుత యజమాని ఎవరో వాహన్ డేటాబేసుకు తెలుసు. బీమా ఏటా పునరుద్ధరిస్తాం, కాలుష్య ధ్రువపత్రం తీసుకుంటాం, అమ్మినప్పుడు రిజిస్ట్రేషన్ బదిలీ చేయించుకుంటాం. ఈ మూడు చోట్లా చాసిస్ నంబరు నమోదవుతుంది. పెండింగులో ఉన్న రీకాల్ సంగతి ఆ కాగితం మీదే, యజమాని చదవగలిగే భాషలో అచ్చువేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఏడేళ్ల గీతను మాత్రం చెరిపేయాలి.

సూరత్‌కు ఈ విషయంలో ఒక జ్ఞాపకం ఉంది. 1994లో ప్లేగు భయంతో లక్షల మంది విడిచిపోయిన నగరమది. మరుసటి ఏడాది కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను చల్లని గదుల్లోంచి వీధుల్లోకి పంపారు. రోజూ తిరిగి చూడటమే వారి ఉద్యోగమని నిర్దేశించారు. వెయ్యి మంది జబ్బుపడ్డాక కదలాలన్న నియమం ఆయన పెట్టుకోలేదు. అందుకే ఆ ఊరు కొద్ది కాలంలోనే దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది.

వచ్చే ఎన్నికల్లో ఏ పార్టీ మేనిఫెస్టోలోనైనా ఎన్ని కర్మాగారాలు తెస్తారో తప్పక ఉంటుంది. దాని పక్కన, ఆ కర్మాగారాల్లోంచి వచ్చిన వాహనం దారిలో ఆగిపోతే, తగలబడితే, ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోతే ఎవరిని అడగాలో ఒక వాక్యమైనా ఉందా అని వెతకండి. ఆ వాక్యం కనిపించేదాకా, జీజే-05 కారులో దసరాకు బయల్దేరిన ఆ కుటుంబం తన అదృష్టాన్ని నమ్ముకునే ప్రయాణిస్తుంది.